పోయినేటి అంకెకు 8 శాతం కలిపి ఐటీ బడ్జెట్ ఇమ్మంటున్నారు, ఎలా వెయ్యాలి?

రాయగడ_సర్వర్‌గది
మాది 120 పడకల ప్రైవేటు ఆసుపత్రి. 2026-27 ఐటీ బడ్జెట్ ఫిబ్రవరి రెండో వారంలోగా ఇవ్వాలి. పైనుంచి వచ్చిన మాట: "పోయినేడు 42 లక్షలు, దాని మీద ఓ 8 శాతం వేసెయ్." అంటే 45.36 లక్షలు, ఐదు నిమిషాల పని. అకౌంట్స్ పెద్దాయన మాటేమో "పాత అంకె నాకొద్దు, ప్రతి పద్దూ సున్నా నుంచి రాసి, ఎందుకు కావాలో చూపించు." ఇద్దరికీ కలిపి ఒక్క కాగితమే ఇవ్వాలి.

ఉన్న సరంజామా: డెస్క్‌టాప్‌లు 84 (పోయినేడు ఒక్కటీ కొనలేదు), సర్వర్లు రెండు, 10 కేవీఏ యూపీఎస్ ఒకటి, లీజ్డ్ లైన్ (మాకు మాత్రమే అద్దెకిచ్చిన ఇంటర్నెట్ లైన్) ఒకటి, బ్రాడ్‌బ్యాండ్ ఒకటి, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఒప్పందం), సీటీ చిత్రాలు దాచే నాస్ (నెట్‌వర్కుకు తగిలించిన డిస్కుల పెట్టె) ఒకటి, యాంటీవైరస్ 100 సీట్లు. ఏ పద్ధతిలో రాస్తే మీటింగులో నిలబడుతుంది?

బల్లార్షా_బ్యాలెన్స్
శాతం పద్ధతిని ఊరికే ఆడిపోసుకోకండి. ఐటీ ఖర్చులో పెద్ద భాగం ముందే ఒప్పుకున్న బాకీ: ఏఎంసీలు, లైన్ అద్దె, లైసెన్సులు. వాటిని ఏటా సున్నా నుంచి రాసినా తిరిగి అక్కడికే వస్తావు. గొడవంతా ఏ అంకె మీద శాతం వేస్తున్నావన్నదాంట్లో ఉంది. ముందు ఆ 42 లక్షలను కడుగు.

పోయినేడు ఒక్కసారికే కొన్నవి తీసెయ్యి. ఏడాది మధ్యలో మొదలైన ఖర్చుకు మిగతా నెలలు కలుపు. మార్చిలో వాడుకుని ఏప్రిల్‌లో బిల్లు పడ్డవి ఏ ఏడాదికి రాశారో చూడు. అప్పుడు తేలేది అసలు పునాది. దాని మీద కూడా అన్నిటికీ ఒకే 8 పులమకూడదు. ఏఎంసీకి ఒప్పందంలో రాసుకున్న పెంపు, లైన్‌కు రెన్యువల్ కొటేషన్‌లో ఉన్నది. ఏ పద్దు శాతం ఆ పద్దుదే.

రాయగడ_సర్వర్‌గది
@బల్లార్షా_బ్యాలెన్స్ ఇప్పుడే లెడ్జర్ తీశాను. ఒక్కసారి కొన్నవి: కోర్ స్విచ్ 4.2 లక్షలు, కెమెరాల రికార్డర్ 1.1 లక్షలు. లీజ్డ్ లైన్ వేగం అక్టోబరు నుంచి పెంచాం, నెలకు 14,000 అదనం, ఆరు నెలలే పడింది. అంటే 42 − 5.3 + 0.84 = 37.54 లక్షలు.

బల్లార్షా_బ్యాలెన్స్
చూశావా, 8 శాతం వేసేలోపే నాలుగున్నర లక్షలు గాలి. ఆ గాలి మీద కూడా 8 శాతం వేద్దామన్నారు మీవాళ్ళు.

జయపురం_జీరోబేస్
37.54 కూడా పాత అలవాట్ల చిట్టానే. కడిగినంత మాత్రాన అందులో ఉన్నదంతా అవసరమని ఎవరు తేల్చారు? యంత్రాలు 84, యాంటీవైరస్ సీట్లు 100. ఆ 16 ఎవరికి? శాతం పద్ధతి ఈ ప్రశ్న ఎప్పటికీ అడగదు. ఉద్యోగం మానేసినవాళ్ళ మెయిల్‌బాక్సులు, ఎవరూ తెరవని రిపోర్టు మాడ్యూల్ ఏఎంసీ, సిమ్ ఎక్కడుందో తెలియని డేటా కార్డు అద్దె, అన్నీ ఏటా 8 శాతం చొప్పున లావెక్కుతూ ఉంటాయి.

జీరోబేస్ (సున్నా నుంచి రాసే బడ్జెట్) అంటే చాలామంది అనుకునేట్టు ప్రతి మౌస్‌కూ సంజాయిషీ రాయడం కాదు. 1960ల చివర టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పీటర్ పైర్ దీన్ని నడిపించి 1970లో వ్యాసం రాశాడు. అందులో అసలు పనిముట్టు నిర్ణయ పొట్లం. ఒక్కో సేవకు మూడు మెట్లు రాస్తావు. బ్యాకప్ తీసుకో. కనీస మెట్టు: రాత్రికి ఒక కాపీ, అదే గదిలో. ఇప్పటి మెట్టు: ఒక కాపీ నాస్‌లో, ఇంకోటి బయటి డిస్కులో. పై మెట్టు: మూడో కాపీ ఊరి బయట లేదా క్లౌడ్‌లో, చెరపడానికి వీల్లేని విధంగా. ఒక్కో మెట్టుకు డబ్బెంత, ఆ మెట్టు దిగితే ఏం పోతుంది, అంతే. తర్వాత పొట్లాలన్నీ వరసలో పెట్టి, డబ్బు అయిపోయిన చోట గీత గీస్తారు. గీత కింద ఏం మిగిలిందో సంతకం పెట్టేవాడికి కనపడుతుంది.

సిరొంచ_స్విచ్
గా పైర్ సంగతి సగమే చెప్పినవ్ అన్నా. జిమ్మీ కార్టర్ దాన్ని జార్జియాల పెట్టిండు, ప్రెసిడెంటు అయినంక మొత్తం సర్కారుల పెట్టిండు, 1981ల రీగన్ వచ్చి తీసేసిండు. కాయితాల కుప్ప అయింది. అమెరికా సర్కారుకే ఓపిక చాలలే, 84 కంప్యూటర్ల దవాఖానకు చాలుతదా? ఈ పిల్లగాడు ఒక్కడే ఉన్నడు, సర్వర్ సూస్తడా, పొట్లాలు కడతడా?

జయపురం_జీరోబేస్
పదకొండు పన్నెండు పొట్లాలకు మించవు. రెండు వారాల సాయంత్రాలు చాలు.

సిరొంచ_స్విచ్
సాయంత్రాలే కదా ప్రింటర్ ఖరాబయ్యేది.

పర్లాకిమిడి_పద్దు
మీరిద్దరూ రెండు వేరే డబ్బుల గురించి కొట్టుకుంటున్నారు. మూడు షీట్లు చెయ్యండి.

ఒకటి, కట్టి తీరాల్సినవి. ఏఎంసీ, లైన్, లైసెన్సు, సర్టిఫికెట్లు. ఇక్కడ పద్ధతి శాతమూ కాదు, సున్నా కాదు, తేదీలు. ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, పెంపు ఎంత రాసుంది, నోటీసు ఎన్ని రోజులు. బల్లార్షా గారి కడిగిన పునాది ఇక్కడికి సరిపోతుంది.

రెండు, అరిగిపోయి మార్చాల్సినవి. డెస్క్‌టాప్, బ్యాటరీ, డిస్కు, సర్వర్. ఇది వయసు లెక్క. ఆస్తుల రిజిస్టర్‌లో కొన్న తేదీ లేకపోతే ఈ షీటు పుట్టదు. 84 యంత్రాలు, అయిదేళ్ళ ఆయుర్దాయం అనుకుంటే ఏటా 17 మార్చాలి. పోయినేడు సున్నా కొన్నారంటే, ఆ 17 ఈ ఏటి నెత్తిన కూర్చున్నట్టే. 42 లక్షల అంకెలో ఈ బాకీ ఎక్కడా కనపడదు. శాతం పద్ధతిలో అసలు లోపం అదే.

మూడు, కొత్తవి. జయపురం గారి పొట్లాలు ఇక్కడ కట్టండి. పాత సేవల్లో కూడా ఏటా మూడో వంతుకు మాత్రం పొట్లం కడితే మూడేళ్ళకు అన్నీ ఒక చుట్టు తిరుగుతాయి. మీ అకౌంట్స్ ఆయన దానికి ఒప్పుకుంటారు, అడగండి.

రాయగడ_సర్వర్‌గది
@పర్లాకిమిడి_పద్దు అక్కా, ఇది నాకు ఎక్కింది. రెండో షీటు మొదలుపెట్టాను. 84లో 53 యంత్రాలు ఎనిమిదో తరం ఇంటెల్, ఆపైవి. మిగతా 31 ఏడో తరం, అంతకన్నా పాతవి. అన్నీ విండోస్ 10 మీదే ఉన్నాయి.

గంజాం_గేట్‌వే
అయితే శాతం గొడవ పక్కన పెట్టి ఇది చూడు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. ఆ 53 యంత్రాల్లో బయాస్‌లోకి వెళ్ళి టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే విండోస్ 11కి ఉచితంగానే ఎక్కుతాయి. వాటికి డబ్బు అవసరం లేదు, మనిషి రోజులు కావాలి. హార్డ్ డిస్కు ఉన్నవాటికి మాత్రం ఎస్‌ఎస్‌డీ వెయ్యకుండా ఎక్కించకు. పది నిమిషాలకు తెరుచుకునే యంత్రం కన్నా పాత విండోస్ నయమని ఓపీ కౌంటర్ వాళ్ళు నిన్నే తిడతారు.

మిగతా 31కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, మార్చాల్సిందే. వాటి సంగతి లెక్క వేద్దాం. వ్యాపార రకం డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 55,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో 64,900. 31కి 20.12 లక్షలు. ఇది వినగానే ఎవరైనా అనేది "పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు కొనండి, వచ్చే ఏడాది చూద్దాం." సంస్థలకు దాని ధర మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఏటా రెట్టింపు, మూడేళ్ళే ఇస్తారు. అంటే 61, 122, 244. మొత్తం 427 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 38,430, పైన జీఎస్టీ. 45 వేలు పెట్టాక కూడా చేతిలో ఉండేది పాత డొక్కే. ఇంకో మెలిక: రెండో ఏడాది చేరినా మొదటి ఏడాది డబ్బు కూడా కట్టాలి.

కోరాపుట్_కేబుల్
17 ఈ ఏడాది, 14 వచ్చే ఏడాది కొంటే? ఆ పద్నాలుగుకి అప్‌డేట్లు కొనుక్కుని.

గంజాం_గేట్‌వే
అదే వల. అప్‌డేట్ల ఏడాది అక్టోబరు నుంచి అక్టోబరు, మన బడ్జెట్ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి. 14 యంత్రాలను 2027 ఏప్రిల్‌కు తోస్తే రెండేళ్ళ రుసుము కట్టాలి. 61 + 122 = 183 డాలర్లు. 14కి 2,30,580, జీఎస్టీతో 2.72 లక్షలు. వాయిదా వేసిన కొనుగోలు విలువ 9.09 లక్షలు. ఏడాది వాయిదాకు దాదాపు 30 శాతం వడ్డీ, మార్వాడీ కూడా అంత అడగడు.

అదే 17 జూన్‌లోపు, 14 సెప్టెంబరు ఆఖరులోపు కొంటే ఒక్క ఏడాది రుసుమే. 14 × 61 × 90, జీఎస్టీతో సుమారు 91 వేలు. ఏడాది ఒకటే, విడతలు రెండు. నగదు మీద ఒత్తిడీ తగ్గుతుంది.

నాందేడ్_నోడ్
కౌంటర్లలో లినక్స్ పెట్టేయొచ్చు కదా? సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో నడిస్తే రూపాయి ఖర్చు లేదు.

గంజాం_గేట్‌వే
@నాందేడ్_నోడ్ వార్డు నర్సు డెస్కుల్లో అయితే పెట్టొచ్చు. ఆయుష్మాన్ కౌంటర్లో పెట్టేముందు వేలిముద్ర యంత్రం ఆర్‌డీ సర్వీసు (ఆధార్ వేలిముద్రను పంపే సాఫ్ట్‌వేర్) దాని మీద నడుస్తుందో లేదో చూడాలి. ల్యాబులో బార్‌కోడ్ లేబుల్ ప్రింటర్ డ్రైవరు కూడా. ఒక్కో రకం నుంచి ఒక్కటి పెట్టి వారం నడిపాక చెప్పాల్సిన మాట అది. బడ్జెట్ షీట్లో ముందే తగ్గించి రాయకూడదు.

బల్లార్షా_బ్యాలెన్స్
ఇంకోటి. ర్యామ్ ధరలు 2025 ఆఖరు నుంచి ఎగబాకుతున్నాయి. 55,000 అనేది ఏ తేదీ కొటేషన్? పాత కొటేషన్ మీద 8 శాతం వేసి కూర్చుంటే జూన్‌లో 17కి బదులు 14 వస్తాయి.

రాయగడ_సర్వర్‌గది
జీఎస్టీ గురించి అడగాలి. అకౌంట్స్ ఆయన "పన్ను లేకుండా రాయి, తిరిగొస్తుంది" అన్నారు. పైగా వైజాగ్ డీలర్ దగ్గర కొంటే పక్క రాష్ట్రం కాబట్టి పన్ను ఎక్కువ పడుతుందని స్టోర్స్‌లో అంటున్నారు.

పర్లాకిమిడి_పద్దు
రెండూ తప్పే.

వైద్యసేవకు జీఎస్టీ మినహాయింపు. అమ్మే సేవ మీద పన్ను లేనప్పుడు కొన్నదాని మీద క్రెడిట్ రాదు. కట్టిన 18 శాతం మీ ఖర్చే. బయటివాళ్ళకు మందులమ్మే ఫార్మసీ ఉంటే ఆ మేరకు దామాషా క్రెడిట్ వస్తుంది, దాన్ని మీ ఆడిటర్ తేలుస్తారు, మీరు ఐటీ షీట్లో ఆశ పెట్టుకోవద్దు. బడికీ కాలేజీకీ ఇదే కథ. ఫ్యాక్టరీ వాళ్ళు మాత్రం పన్ను లేకుండా రాసుకుంటారు. అందుకే వేరేవాళ్ళ బడ్జెట్ షీటు తెచ్చి నకలు కొడితే 18 శాతం తేడా కొడుతుంది.

పక్క రాష్ట్రం నుంచి తెస్తే ఐజీఎస్టీ 18, ఇక్కడే కొంటే సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. మొత్తం ఒకటే. ఎంట్రీ ట్యాక్స్ 2017 జులైలోనే జీఎస్టీలో కలిసిపోయింది. మీ స్టోర్స్ వాళ్ళు ఆ కాలంలోనే ఆగిపోయినట్టున్నారు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి, అంతే. విదేశీ సంస్థ సాఫ్ట్‌వేర్ సేవను కార్డు గీకి కొంటే మాత్రం ఆ 18 శాతం రివర్స్ చార్జ్ కింద మనమే కట్టాలి. ఇది ఐటీవాళ్ళు రాయరు, అకౌంట్స్‌వాళ్ళకు చెప్పరు, ఆడిట్‌లో బయటపడుతుంది.

ధర్మాబాద్_డెబిట్
తరుగుదల మాటెవరూ ఎత్తలేదు. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు 40 శాతం కదా. అదేగా బడ్జెట్‌లో పెట్టాల్సింది?

పర్లాకిమిడి_పద్దు
తరుగుదల బడ్జెట్ కాదండీ, పద్దు పుస్తకం. నగదు షీటు వేరు, లాభనష్టాల షీటు వేరు. 20.12 లక్షల యంత్రాలకు నగదు ఒకేసారి పోతుంది. కంపెనీ చట్టం 2వ షెడ్యూలు ప్రకారం డెస్క్‌టాప్‌కు 3 ఏళ్ళు, సర్వర్లూ నెట్‌వర్కుకు 6 ఏళ్ళు ఆయుర్దాయం రాసి ఖర్చుగా చూపిస్తారు. పన్ను లెక్కలో 40 శాతం, కానీ ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే సగమే, 20 శాతం. రోజులు లెక్కపెట్టేది కొన్న తేదీ నుంచి కాదు, వాడకంలోకి వచ్చిన తేదీ నుంచి. పెట్టెలు విప్పకుండా స్టోర్స్‌లో పడుకోబెడితే లెక్కలోకి రావు. గంజాం గారు చెప్పిన సెప్టెంబరు గడువు ఇక్కడా కలిసొస్తుంది, అక్టోబరు 3 దాటితే సగానికి పడతారు.

@రాయగడ_సర్వర్‌గది మీది కంపెనీయా, ట్రస్టా? ట్రస్టయితే పెట్టుబడి ఖర్చునే ఆదాయ వినియోగంగా చూపుకుంటారు, అప్పుడు అదే ఆస్తి మీద మళ్ళీ తరుగుదల అడగలేరు.

రాయగడ_సర్వర్‌గది
కంపెనీయే.

ధర్మాబాద్_డెబిట్
సరే, నా ప్రశ్న వెనక్కి. అయితే టర్నోవర్‌లో ఇంత శాతం ఐటీకి అనే లెక్క ఉందిగా, దాన్నయినా వాడొచ్చు కదా.

జయపురం_జీరోబేస్
వాడకూడదు. సీటీ స్కాన్ ఉన్న 120 పడకలకూ, లేని 120 పడకలకూ టర్నోవర్ వేరు, సర్వర్ గది వేరు. పైగా ఒకచోట ఐటీ జీతాలు అందులో ఉంటాయి, ఇంకోచోట హెచ్‌ఆర్‌లో ఉంటాయి. ఒకచోట టోనర్ ఐటీది, ఇంకోచోట స్టేషనరీది. ఏది ఎక్కడ రాశారో తెలియని రెండు శాతాలను పక్కపక్కన పెట్టి చూడటం దేనికి?

బల్లార్షా_బ్యాలెన్స్
దీనికి మాత్రం జయపురంతో ఏకీభవిస్తున్నా. తారీఖు వేసుకోండి.

కోరాపుట్_కేబుల్
నాస్ సంగతి వదిలేశారు. దానికి శాతమూ పనికిరాదు, వయసూ పనికిరాదు. పని లెక్క వెయ్యాలి. రోజుకు 20 సీటీలు, ఒక్కోటి సగటున 300 ఎంబీ అనుకుంటే రోజుకు 6 జీబీ, ఏడాదికి 2.2 టీబీ. పలచటి స్లైసులు దాచడం మొదలుపెడితే ఇది రెండింతలూ మూడింతలూ అవుతుంది. అది రేడియాలజీ వాళ్ళ నిర్ణయం, బిల్లు మాత్రం ఐటీకి. కాబట్టి షీట్లో అంకెతోపాటు "రోజుకు 20, ఒక్కోటి 300 ఎంబీ" అనే ఊహ కూడా రాయి. సంఖ్య మారితే ఎవరిని అడగాలో అందరికీ తెలుస్తుంది.

వాడే చోటు 80 శాతం దాటకముందే డిస్కులు కొనాలి. రైడ్‌లో (కలిపి కట్టిన డిస్కుల్లో) ఒక డిస్కు పోతే కొత్తది కట్టుకునేసరికి రోజులు పడుతుంది, ఆలోగా రెండోది కూడా పోవచ్చు. అందుకని అదే సైజు డిస్కు ఒకటి బీరువాలో ఉండాలి. దాని ధర ఇప్పుడే రాయి. డిస్కు పోయిన రోజు పర్చేజ్ ఆర్డర్ కదిపితే వైజాగ్ నుంచి వచ్చేదాకా దేవుడే దిక్కు.

సిరొంచ_స్విచ్
మా దిక్కు ఇంకా అన్యాలం. ఏఎంసీ కాయితం మీద "మరుసటి పనిదినం" అని రాస్తరు. కింద చిన్న అక్షరాలల్ల పిన్‌కోడ్‌ను బట్టి అని ఉంటది. నాగపూర్ నుంచి మనిషి రావాలె, లేకపోతే ప్రాణహిత దాటి మంచిర్యాల దిక్కు నుంచి. సంతకం పెట్టేముందు మీ పిన్‌కోడ్‌కు ఎన్ని రోజులని మెయిల్ మీద రాయించుకో. రెండు మూడు రోజులు అని చెప్తే గా ఏఎంసీకి తక్కువ కట్టి, మిగిలిన పైసలతోని స్పేర్‌లు కొనిపెట్టుకో. 84కు మూడో నాలుగో నిండు యంత్రాలు, ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బాలు) నాలుగు, పది స్విచ్ అడాప్టర్‌లు.

కాంప్రహెన్సివ్ ఏఎంసీ అంటే అంతా అచ్చిందనుకోవద్దు. బ్యాటరీలు, ప్రింటర్ ఫ్యూజర్, ప్లాస్టిక్ సామాను, పిడుగు పడి కాలిన పోర్టు, ఇవన్నీ దాంట్ల ఉండయి. గవ్వి నీ పద్దుల ఉండాలె.

రాయగడ_సర్వర్‌గది
@సిరొంచ_స్విచ్ మా ఏఎంసీ కాగితం తీసి చూశా. బ్యాటరీ లేదు, ఫ్యూజర్ లేదు. యూపీఎస్‌లో 12 వోల్టుల 42 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలు 20 ఉన్నాయి, మూడేళ్ళు దాటింది. నాలుగు మాత్రం బాగా పడిపోయాయి. ఆ నాలుగే మార్చమని రాయనా?

గంజాం_గేట్‌వే
వద్దు. వరసగా కట్టిన బ్యాటరీల్లో కొత్తవి నాలుగూ పాతవి పదహారూ కలిస్తే, చార్జింగు కొత్తవాటికి ఎక్కువా పాతవాటికి తక్కువా అయి కొత్తవి కూడా ముందే పోతాయి. 20 మొత్తం మార్చాలి. ఒక్కోటి 4,500 అనుకుంటే 90,000, జీఎస్టీతో 1.06 లక్షలు. పాత సీసం బ్యాటరీలు డీలరు తీసుకుని డబ్బు తగ్గించాలి, ఆ తగ్గింపును వేరే వరసలో చూపించు. లేకపోతే ఎటు పోయిందో తెలియదు.

బ్యాకప్ సమయం కూడా సరిగ్గా రాయి. 20 × 12 × 42 అంటే 10 కిలోవాట్ అవర్లు, 5 కిలోవాట్ల లోడుకు రెండు గంటలు వస్తుందని అమ్మేవాడు చెప్తాడు. ఏహెచ్ రాసింది 20 గంటల నెమ్మది వాడకానికి. గంటలో లాగేస్తే అందులో అరవై డెబ్భై శాతమే వస్తుంది. గంటకు కాస్త పైన, అదీ కొత్తగా ఉన్నప్పుడు. ఇంకోటి, ఆ ఆయుర్దాయం 25 డిగ్రీల గదికి. ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగం అవుతుంది. బ్యాటరీ గదిలో ఏసీ ఆపేసి కరెంటు మిగిల్చానని సంబరపడితే, మూడేళ్ళ బ్యాటరీ ఏడాదిన్నరకే పోతుంది.

బల్లార్షా_బ్యాలెన్స్
మా చంద్రపూర్ జిల్లా మే నెలలో 25 డిగ్రీలా. రాసుకోవడానికి బాగుంటుంది.

జయపురం_జీరోబేస్
సర్వర్లు ఏ వెర్షనో చెప్పలేదు.

రాయగడ_సర్వర్‌గది
రెండూ విండోస్ సర్వర్ 2016. డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016.

జయపురం_జీరోబేస్
రెండూ ఈ బడ్జెట్ ఏడాదిలోనే ముగుస్తాయి. ఎస్‌క్యూఎల్ 2016కి 2026 జులై 14, విండోస్ సర్వర్ 2016కి 2027 జనవరి 12. అక్క చెప్పిన మొదటి షీట్లో ఈ రెండు తేదీలూ ఎర్ర సిరాతో ఉండాలి.

లెక్కలో జారిపోయేవి ఇవి. సర్వర్ లైసెన్సు ప్రాసెసర్ కోర్ల లెక్క మీద. నీ పెట్టెలో 8 కోర్లే ఉన్నా 16కి కట్టాలి. దాంతోపాటు క్లయింట్ లైసెన్సులు (సర్వర్‌ను వాడే ఒక్కో మనిషికో యంత్రానికో ఒకటి) విడిగా కొనాలి. 2016కి కొన్నవి కొత్త వెర్షన్‌కు చెల్లవు. సర్వర్ కొటేషన్‌లో ఈ వరస చాలాసార్లు ఉండదు, కొన్నాక రెండో బిల్లు వస్తుంది. ఎస్‌క్యూఎల్‌కు ఉచిత ఎక్స్‌ప్రెస్ చాలునేమో మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడుగు. 2022 దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి, 2025 వెర్షన్‌లో 50 జీబీ. వాళ్ళు "నడుస్తుంది" అంటే చాలదు, "మద్దతు ఇస్తాం" అని రాయించుకో.

కోరాపుట్_కేబుల్
లైన్ గురించి ఒక్క ముక్క. రెండో లైన్ వేరే కంపెనీది తీసుకున్నంత మాత్రాన రెండు దారులు కావు. ఘాట్ రోడ్డు పక్కన రెండూ ఒకే కాలువలో పోతుంటే, రోడ్డు వెడల్పు చేసే జేసీబీ రెండిటినీ ఒకే దెబ్బకు తెంపుతుంది. తీగ ఏ దారిన వస్తుందో మ్యాపు అడుగు. రెండో దారి లేదంటే, వాళ్ళకు కట్టే డబ్బుతో మొబైల్ డేటా రూటర్ పెట్టుకుని బిల్లింగూ ఆయుష్మాన్ పోర్టలూ మాత్రం దాని మీద నడుపు.

నాందేడ్_నోడ్
లాగుల (యంత్రాల్లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డుల) స్టోరేజీ కూడా పెట్టుకో. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగులు దాచాలి, సైబర్ సంఘటన జరిగితే 6 గంటల్లో తెలపాలి. వ్యక్తిగత డేటా రక్షణ నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు. రోగుల వివరాలు ఉన్నచోట ఇది మూడో షీట్లో కొత్త పొట్లం. పెద్ద సామాను అక్కర్లేదు. ఫైర్‌వాల్ లాగులు పంపడానికి ఓ పాత యంత్రం, రెండు డిస్కులు.

సిరొంచ_స్విచ్
పాత యంత్రం కావాల్నంటే 31 ఉన్నయి గదా. లినక్స్ ఏసి పెట్టు.

రాయగడ_సర్వర్‌గది
మొత్తం 70 లక్షలు దాటేట్టుంది. 45 అన్నచోట 70 అంటే గది బయటికి పంపుతారు. కోస్తారు కాబట్టి 20 శాతం ఎక్కువేసి రాయమని ఇక్కడ సలహా ఇస్తున్నారు.

బల్లార్షా_బ్యాలెన్స్
ఎక్కువేసి రాయకు. ఒక్కసారి పట్టుబడితే ఆ తర్వాత నువ్వు ఏం రాసినా 20 శాతం కోసేస్తారు, నిజంగా కావాల్సిందీ పోతుంది. కోతకు వీలుగా వరస పెట్టివ్వు. 1వ షీటు కోయడానికి లేదు, ఒప్పందం రద్దు చేస్తే తప్ప. 2వ షీట్లో ప్రతి వరసకూ "ఈ ఏడాది మార్చకపోతే" అన్న గడి పెట్టి, అక్కడ గంజాం లెక్కలాంటిది రాయి: 14 యంత్రాలు వాయిదా, 2.72 లక్షల రుసుము, చివరికి మిగిలేదేమీ లేదు. అప్పుడు కోసేవాళ్ళు దేన్ని కోస్తున్నారో చూసి కోస్తారు.

పర్లాకిమిడి_పద్దు
అనుకోని ఖర్చును కూడా పద్దుల్లో దాచకుండా ఒక్క వరసలో పెట్టండి, 5 నుంచి 10 శాతం, ఎవరి సంతకంతో తీయాలో రాసి. మన వైపు అక్టోబరు నెల తెలిసిందే కదా, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. డీజిల్, మొబైల్ డేటా, తడిసిన స్విచ్చులు అన్నీ దాని కిందికే. ఎలక్ట్రానిక్ పరికరాల బీమా ఉంటే దాని ప్రీమియం 1వ షీట్లో, మనం భరించాల్సిన తొలి భాగం ఈ వరసలో.

మూడు నెలలకోసారి బడ్జెట్ పక్కన అసలు ఖర్చు, మిగతా ఏడాది అంచనా రాసి పంపండి. లేకపోతే మార్చిలో మిగిలిన డబ్బుతో అక్కర్లేని ప్రింటర్లు కొంటారు. వచ్చే ఏడు మళ్ళీ ఆ ప్రింటర్ల మీద 8 శాతం.

రాయగడ_సర్వర్‌గది
ఇప్పటికి ఇలా వచ్చింది. 1వ షీటు: యాంటీవైరస్ 100 నుంచి 88కి దించి (84 + స్పేర్ 4), ఒప్పందాల్లో ఉన్న పెంపులు వేసి 38.9 లక్షలు. 2వ షీటు: డెస్క్‌టాప్‌లు రెండు విడతల్లో 20.12, అప్‌డేట్ల రుసుము 0.91, బ్యాటరీలు 1.06, నాస్ డిస్కులు 1.8, మొత్తం 23.89. సర్వర్, క్లయింట్ లైసెన్సుల కొటేషన్ ఇంకా రాలేదు, ఆ వరస ఖాళీ. 3వ షీట్లో ఊరి బయట బ్యాకప్, లాగుల యంత్రం, రెండే పొట్లాలు. అనుకోని ఖర్చు 5 శాతం.

గంజాం_గేట్‌వే
14 యంత్రాలకే రుసుము రాశావు. మిగతా 17 జూన్ దాకా అప్‌డేట్లు లేకుండానే ఉంటాయి. వాటిని విడి వీల్యాన్‌లో (మిగతావాటి నుంచి వేరు చేసిన నెట్‌వర్కులో) పెట్టి ఇంటర్నెట్ కట్ చెయ్యి. బయటికి పోవాల్సిన కౌంటర్లుంటే ముందు అవి మార్చు.

బల్లార్షా_బ్యాలెన్స్
ఖాళీ వరసను ఖాళీగా పంపకు, సున్నా అని చదువుకుంటారు. "కొటేషన్ రావాలి, జులై 14 గడువు" అని గడిలోనే రాయి. డెస్క్‌టాప్ వరసలో కొటేషన్ తేదీ, చెల్లుబాటు రోజులు కూడా. ర్యామ్ వల్ల ఇప్పుడు వారానికి మించి ధర నిలబెట్టట్లేదు, మీటింగు రోజు పొద్దున్న ఇంకోసారి ఫోన్ చేసి అడుగు.